మాట రుణమైన చోట: ప్రాచీన ఇశ్రాయేలు ధర్మశాస్త్రంలో మొక్కుబడులు

ధారావాహిక: ప్రాచీన ఇశ్రాయేలు ధర్మశాస్త్ర చరిత్ర – 6వ భాగం

గత భాగంలో చర్చించిన దైనందిన బలులు, పండుగ బలులు, ప్రాయశ్చిత్త బలులు ఇశ్రాయేలీయులకు ధర్మశాస్త్రం విధించినవి కాగా, మొక్కుబడి ఎవరూ విధించనిది, మనిషి తన నోటితో తానే తెచ్చిపెట్టుకున్న బాధ్యత. యుద్ధానికి బయలుదేరిన సైనికుడు, సంతానం కోసం తపించే స్త్రీ, రోగంతో మంచం పట్టినవాడు, దూరదేశం పోతున్న బాటసారి తమ గండం గట్టెక్కితే ఫలానాది దేవునికి సమర్పిస్తామని మొక్కుకోవడం పశ్చిమాసియా జాతులన్నిటిలోనూ ఉన్న ఆచారమే. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం ఈ ఆచారాన్ని ప్రోత్సహించలేదు, నిషేధించనూ లేదు. మొక్కుకోనివాడిపై ఏ పాపమూ లేదని, మొక్కుకున్నవాడు చెల్లింపులో ఆలస్యం చేస్తే మాత్రం అది పాపమవుతుందని తేల్చి చెప్పింది.

ఈ ఒక్క సూత్రం చుట్టూ శతాబ్దాల పాటు ఒక పెద్ద చట్టవ్యవస్థ పెరిగింది. మనుషులను, పశువులను, ఇళ్లను, పొలాలను దేవునికి ప్రతిష్ఠించే పద్ధతి లేవీయకాండం 27వ అధ్యాయంలోను, నాజీరు వ్రతం సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోను, మొక్కు ఎవరిని ఎంతవరకు కట్టివేస్తుందన్న విషయం అదే గ్రంథం 30వ అధ్యాయంలోను ఉన్నాయి. సంప్రదాయం వీటిని మోషే కాలానికి చెందినవిగా భావిస్తుండగా, యాజక వర్గాలలో తరతరాలుగా నిలిచిన నియమాలు బబులోను చెర కాలానికి, ఆ తరువాతి కాలానికి ఈ రూపం దాల్చాయని చాలామంది ఆధునిక పండితుల అభిప్రాయం. క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యూదా హనాసి కూర్చిన మిష్నా, అంటే యూదుల మౌఖిక ధర్మనిర్ణయాల సంకలనం, మొక్కుల కోసం నెదారీమ్, నాజీర్, అరాఖీన్ అనే మూడు ప్రకరణాలనే కేటాయించింది. వీటన్నిటినీ వరుసగా చదివినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది: దేవునికి ఇచ్చిన మాట నీరుగారకుండా కాపాడడం ఎంత ముఖ్యమో, మాట ఇచ్చిన మనిషి ఆ మాట బరువు కింద నలిగిపోకుండా కాపాడడం కూడా ఈ చట్టానికి అంతే ముఖ్యం. ఆవేదనలో వెలువడిన మాటకు వెల, కొలత, గడువు, ముగింపు ఏర్పరచడమే దీని ప్రధాన కృషి.

మొక్కు స్వరూపం

హెబ్రీ భాషలో మొక్కును నెదెర్ అంటారు. దేవుడు ఒక మేలు చేస్తే మనిషి ఒక కానుక చెల్లిస్తాడన్నది దాని సాధారణ రూపం. తండ్రి ఇంటినుండి పారిపోతూ బేతేలులో రాతిని తలగడగా చేసుకుని పడుకున్న యాకోబు, ప్రయాణంలో తనకు రక్షణ, తినడానికి ఆహారం, కట్టుకోవడానికి బట్ట దొరికి క్షేమంగా తిరిగివస్తే దేవుడిచ్చిన ప్రతిదానిలో పదవ వంతు చెల్లిస్తానని చేసిన మొక్కు ఇందుకు తొలి ఉదాహరణగా ఆదికాండంలో కనిపిస్తుంది. నెదెర్‌తో పాటు సంఖ్యాకాండం ఇస్సార్ అనే మరో మాటను వాడుతుంది. ఒక వస్తువును ఇస్తాననడం నెదెర్ అయితే, ధర్మసమ్మతమైన ఒక సుఖాన్ని తనకు తానే నిషేధించుకోవడం ఇస్సార్. ఏ షరతూ లేకుండా సంతోషంతో తెచ్చే కానుక ఈ రెండింటికీ వేరుగా స్వేచ్ఛార్పణ అనిపించుకుంటుంది.

మొక్కుబడికీ స్వేచ్ఛార్పణకూ గల తేడాను బలిపీఠం దగ్గర కూడా పాటించారు. కాలు పొడవో పొట్టో అయిన ఎద్దును, గొర్రెను స్వేచ్ఛార్పణగా అంగీకరించవచ్చు గాని మొక్కుబడి కింద అంగీకరించకూడదని లేవీయకాండం 22వ అధ్యాయం అంటుంది, ఎందుకంటే మొక్కుబడి రుణం, రుణం చెల్లించేవాడు నాసిరకం సరుకుతో సరిపెట్టడానికి వీల్లేదు. మందలో మంచి మగపశువు ఉండగా మొక్కు కింద లోపమున్న పశువును తెచ్చేవాడిని మలాకీ ప్రవక్త శపించాడు. తొందరపడి ఒక వస్తువును ప్రతిష్ఠితమని ప్రకటించి, ఆ తరువాత తీరికగా ఆలోచించడం ఉరిలో చిక్కుకోవడం వంటిదని సామెతల గ్రంథం, మొక్కి చెల్లించకపోవడం కంటే అసలు మొక్కకపోవడమే మేలని ప్రసంగి గ్రంథం హెచ్చరించాయి. మొక్కుకున్నవారు మాట తప్పుతారన్న భయం ఎంత వాస్తవమో, తీర్చలేనంత పెద్ద మొక్కు మొక్కుతారన్న భయం కూడా అంతే వాస్తవమని ఈ హెచ్చరికల తరచుదనమే చెబుతుంది.

మనిషికి వెల

తనను గాని, తన బిడ్డను గాని దేవునికి ఇస్తానని మొక్కినవాడు ఏమి చెల్లించాలి? ఆలయ సేవ లేవీ గోత్రానికే పరిమితం కాబట్టి ఆ మనిషిని సేవకుడిగా అప్పగించడానికి వీల్లేదు. నరబలిని ధర్మశాస్త్రం తీవ్రంగా ఖండించింది కాబట్టి ప్రాణం తీయడానికి అసలే వీల్లేదు. లేవీయకాండం 27వ అధ్యాయం ఈ చిక్కును వెండితో పరిష్కరించింది. 20 నుండి 60 ఏళ్ల మధ్య వయసున్న పురుషునికి 50 షెకెళ్లు, స్త్రీకి 30. 5 నుండి 20 ఏళ్ల మధ్య బాలునికి 20, బాలికకు 10. నెల నుండి 5 ఏళ్ల లోపు మగబిడ్డకు 5, ఆడబిడ్డకు 3. 60 ఏళ్లు దాటిన పురుషునికి 15, స్త్రీకి 10 షెకెళ్లుగా వెలలు నిర్ణయమయ్యాయి. తెలుగు బైబిలు తులమని వ్యవహరించే షెకెలు ఒక బరువు. యూదా దేశపు తవ్వకాలలో దొరికిన రాతి తూకాలను బట్టి అది సుమారు 11.3 గ్రాములు, కాబట్టి 50 షెకెళ్లంటే అర కిలోకు పైబడిన వెండి.

ఈ అంకెలు ఆనాటి బానిసల ధరలకు దగ్గరగా ఉన్నాయని కొందరు పండితులు గుర్తించారు. యోసేపును అన్నలు అమ్మిన ధర 20 షెకెళ్లు, ఈ పట్టికలో అతని వయసు బాలునికి ఉన్న వెల కూడా అదే. పట్టిక స్త్రీకి తక్కువ వెల కట్టింది, అది ఆనాటి సమాజంలో శ్రమకు కట్టిన వెలను ప్రతిబింబిస్తుందే తప్ప న్యాయమనిపించదు. అయితే అదే పట్టిక హోదాను పూర్తిగా విస్మరించింది. గోత్రాధిపతి అయినా గొర్రెల కాపరి అయినా, అందగాడైనా కురూపి అయినా వయసును, లింగాన్ని బట్టి చెల్లించే మొత్తం ఒకటే. ఆ మొత్తం కూడా ఇచ్చుకోలేని పేదవాడిని యాజకుని ముందు నిలబెట్టినప్పుడు, మొక్కినవాడి శక్తికి తగినట్టు యాజకుడు వెల తగ్గించాలన్నది ఆ అధ్యాయం చేర్చిన ముఖ్యమైన నియమం.

ఇది కాగితం మీది లెక్కగా మిగిలిపోలేదనడానికి రాజుల రెండవ గ్రంథం ఆధారమిస్తుంది. క్రీ.పూ. 9వ శతాబ్దపు యూదా రాజు యోవాషు ఆలయ మరమ్మతులకు కేటాయించిన రాబడులలో మనుషుల వెల కింద వచ్చే వెండి కూడా ఉంది. యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె మూతకు రంధ్రం చేసి బలిపీఠం పక్కన ఉంచగా, ద్వారపాలకులైన యాజకులు ఆలయానికి వచ్చిన వెండిని అందులో వేసేవారు. పెట్టె నిండినప్పుడు రాజు లేఖకుడు, ప్రధాన యాజకుడు వచ్చి ఆ వెండిని సంచులలో కట్టి లెక్కచూసి, వడ్రంగులకు, తాపీ పనివారికి, రాళ్లు చెక్కేవారికి కూలి ఇవ్వడానికి పనిమీద ఉన్న అధికారులకు అప్పగించేవారు. ఒక తల్లి బిడ్డ కోసం మొక్కిన మొక్కు ఆ విధంగా గోడలోని రాయిగా మారేది.

పశువు, ఇల్లు, పొలం

బలికి పనికివచ్చే పశువును మొక్కుకుంటే దానికి బదులు మరొకటి ఇవ్వడం కుదరదు. మంచిదానికి చెడ్డదాన్ని గాని, చెడ్డదానికి మంచిదాన్ని గాని మార్చబోతే రెండూ ప్రతిష్ఠితమైపోతాయి. గాడిద వంటి అపవిత్ర జంతువుకు, ఇంటికి యాజకుడు వెల కడతాడు, యజమాని దాన్ని విడిపించుకోదలిస్తే ఆ వెలకు ఐదవ వంతు అదనంగా చేర్చాలి. మాట వెనక్కి తీసుకునే దారి తెరిచి ఉంచినా అది ఉచితం కాదని ఈ ఐదవ వంతు గుర్తుచేస్తుంది.

పొలం విషయంలో లెక్క మరింత లోతైనది. ఒక హోమెరు యవలు, అంటే స్థూలంగా ఒక గాడిద మోయగలిగినన్ని విత్తనాలు, చల్లడానికి సరిపోయే నేలకు 50 షెకెళ్ల వెల నిర్ణయించారు. ప్రతి 50వ ఏట వచ్చే సునాద సంవత్సరంలో అమ్ముడుపోయిన పితృభూములన్నీ సొంత కుటుంబాలకు తిరిగి చేరాలి కాబట్టి, ఆ ఏటికి ఇంకా ఎన్ని సంవత్సరాలు మిగిలి ఉన్నాయో చూసి యాజకుడు వెల తగ్గించేవాడు. ఏడాదికి ఒక షెకెలు చొప్పున 20 సంవత్సరాలు మిగిలి ఉన్న పొలాన్ని విడిపించడానికి 20 షెకెళ్లు, ఐదవ వంతు కింద మరో 4 షెకెళ్లు అవుతాయన్నమాట. విడిపించుకోకుండా వదిలేసిన పొలం సునాద సంవత్సరంలో యాజకుల పాలవుతుంది. కొనుక్కున్న పొలాన్ని ప్రతిష్ఠించినవాడి విషయంలో మాత్రం ఆ భూమి సునాద సంవత్సరంలో అసలు వంశస్థులకే తిరిగి చేరుతుంది, ఒకరి భక్తి మరొకరి పితృభూమిని ఆలయపరం చేయడానికి వీల్లేదన్నది ఇందులోని నీతి. తొలిచూలు పశువును మొక్కుకోవడం కూడా చెల్లదు, అది పుట్టుకతోనే దేవునిది కాబట్టి తనది కానిదాన్ని ఎవరూ కానుకగా ఇవ్వలేరు.

ఈ సౌలభ్యాలేవీ వర్తించని ప్రతిష్ఠ ఒకటుంది, దాని పేరు హేరెమ్. హేరెమ్‌గా ప్రకటించిన వస్తువును అమ్మడానికి గాని విడిపించడానికి గాని వీల్లేదు. యుద్ధంలో శత్రునగరాన్ని హేరెమ్ చేశారంటే దాని ప్రజలను సంహరించి, సొత్తును ముట్టుకోకుండా దేవునికి వదలాలి. యెరికో పట్టణంలో అలా వదిలిన సొత్తు నుండి దొంగిలించిన ఆకాను కథ యెహోషువ గ్రంథంలో ఉంది. ఈ భయానకమైన ఆచారం ఇశ్రాయేలీయులకే పరిమితం కాదని, 1868లో యొర్దాను నదికి తూర్పున ధీబాన్ వద్ద దొరికిన మోయాబు రాజు మేషా శిలాశాసనం నిరూపించింది. క్రీ.పూ. 9వ శతాబ్దానికి చెందిన ఆ శాసనంలో మేషా తాను నెబో పట్టణాన్ని ఇశ్రాయేలీయుల నుండి పట్టుకుని ఏడు వేలమందిని చంపి, దాన్ని తన దేవతకు అర్పించానని చెప్పుకుంటూ హేరెమ్‌కు మూలమైన క్రియాపదాన్నే వాడాడు. కొలతా, గడువూ, విడుదలా లేని ప్రతిష్ఠ ఎక్కడికి దారితీస్తుందో తెలియాలంటే, లేవీయకాండపు వెల పట్టిక పక్కన ఈ శాసనాన్ని ఉంచి చూడాలి.

నాజీరు వ్రతం

ధనాన్ని కాక తన దేహాన్నే కొంతకాలం దేవునికి ప్రత్యేకించుకునే పద్ధతి నాజీరు వ్రతం. నాజీరు అంటే వేరుచేయబడినవాడు. స్త్రీ పురుషులలో ఎవరైనా ఈ వ్రతం పట్టవచ్చునని సంఖ్యాకాండం మొదటి వాక్యంలోనే చెప్పి, మూడు నియమాలు విధించింది. ద్రాక్షారసం, మద్యం, వాటి పులిసిన రసమే కాక ద్రాక్షపండు, ఎండుద్రాక్ష, చివరికి గింజనుండి తొక్క వరకు ద్రాక్షకు సంబంధించిన ఏదీ ముట్టకూడదు. వ్రతకాలం ముగిసేదాకా తలపై మంగలికత్తి పడకూడదు. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చనిపోయినా శవం దగ్గరికి వెళ్లకూడదు.

ఈ నియమాల తీవ్రతను యాజకుల నియమాలతో పోల్చినప్పుడు దాని అర్థం బోధపడుతుంది. సామాన్య యాజకుడు తన దగ్గరి బంధువుల శవాన్ని ముట్టవచ్చు. తల్లిదండ్రుల శవం దగ్గరికి కూడా వెళ్లకూడనివాడు ప్రధాన యాజకుడు ఒక్కడే. యాజకుడు సేవాకాలంలో మాత్రమే మద్యం మానితే, నాజీరు వ్రతకాలమంతా మానాలి. నాజీరు తలపై ఉన్న జుట్టును సూచించే నేజెర్ అనే పదమే ప్రధాన యాజకుని కిరీటానికీ వర్తిస్తుంది. అహరోను వంశంలో పుట్టనివారికి యాజకత్వం ఎన్నటికీ అందదు, స్త్రీకి అసలే అందదు. అయినా ఏ వంశంలో పుట్టిన రైతైనా, ఏ ఇంటి స్త్రీ అయినా కొన్ని దినాలపాటు ప్రధాన యాజకునికి దగ్గరగా వచ్చే పవిత్రతను తన తలపై మోయడానికి ఈ వ్రతం దారి తెరిచింది. పుట్టుకతో మూసుకుపోయిన తలుపును మాటతో తెరుచుకోవచ్చునని చెప్పిన ఈ అధ్యాయం, ధర్మశాస్త్రంలో అత్యంత ఉదారమైన అధ్యాయాలలో ఒకటి.

వ్రతభంగానికీ, వ్రతసమాప్తికీ నిశ్చితమైన విధులున్నాయి. పక్కనున్నవాడు హఠాత్తుగా చనిపోయి మైల సోకితే నాజీరు ఏడవ దినాన తల గొరిగించుకుని, ఎనిమిదవ దినాన రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తెచ్చి, అపరాధ పరిహారంగా ఒక ఏడాది గొర్రెపిల్లను అర్పించి, గడిచిన దినాలన్నీ లెక్కలోకి రాకుండా మళ్లీ మొదటినుండి వ్రతం ప్రారంభించాలి. వ్రతం సక్రమంగా ముగిస్తే దహనబలికి ఏడాది మగ గొర్రెపిల్ల, పాపపరిహార బలికి ఏడాది ఆడ గొర్రెపిల్ల, సమాధానబలికి పొట్టేలు, గంపెడు పొంగని రొట్టెలు తేవాలి. అప్పుడు ఆలయ ద్వారం వద్ద తల గొరిగించుకుని, ఆ జుట్టును సమాధానబలి ఉడుకుతున్న మంటలో వేయాలి. ఉడికిన పొట్టేలు జబ్బను, ఒక రొట్టెను, ఒక పలుచని అప్పడాన్ని యాజకుడు నాజీరు చేతులలో ఉంచి దేవుని సన్నిధిని అల్లాడించిన తరువాత నాజీరు ద్రాక్షారసం తాగవచ్చు. వ్రతం ముగింపును ఇంత విపులంగా వర్ణించిన చట్టం, మనిషి మామూలు జీవితానికి తిరిగి రావడాన్ని కూడా పవిత్రకార్యంగానే భావించింది.

జీవితాంతపు నాజీరులు

కథనగ్రంథాలలోని నాజీరులు ఈ చట్టంలో ఇమడరు. జొర్యా గ్రామపు మానోహ భార్యకు దేవదూత కనిపించి, పుట్టబోయే కుమారుడు గర్భం నుండే నాజీరని చెప్పి, ఆమెను కూడా ద్రాక్షారసానికి దూరంగా ఉండమన్నాడు. ఆ కుమారుడైన సమ్సోను తాను కోరని వ్రతాన్ని జీవితాంతం మోశాడు. సింహపు కళేబరం నుండి తేనె తీసి తిన్నాడు, యుద్ధాలలో శవాల మధ్య తిరిగాడు, చివరికి దెలీలా ఇంట్లో జుట్టు కోల్పోయాడు. సమూయేలు కథలో సంతానం లేని హన్నా షిలోహు ఆలయంలో కన్నీటితో మొక్కుకుంటూ, మగబిడ్డ పుడితే అతనిని దేవునికే ఇస్తానని, అతని తలపై మంగలికత్తి పడనివ్వనని చెబుతుంది. హెబ్రీ బైబిలు మూలంలో సమూయేలును నాజీరని పిలవలేదు గాని, కుమ్రాన్ నాలుగవ గుహలో దొరికిన సమూయేలు గ్రంథపు ప్రతిలో ఆ మాట స్పష్టంగా ఉంది. క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఆమోసు ప్రవక్త నాజీరులను ప్రవక్తల సరసన దేవుడిచ్చిన వరంగా పేర్కొని, వారిచేత బలవంతంగా ద్రాక్షారసం తాగించిన ప్రజలను నిందించాడు.

ప్రాచీన కాలంలో దైవపిలుపుగా, జీవితకాలపు విధిగా ఉన్న నాజీరు జీవితాన్ని సంఖ్యాకాండం ఎవరైనా స్వచ్ఛందంగా చేపట్టి ముగించగల వ్రతంగా మార్చిందని అనేకమంది పండితులు భావిస్తారు. గడువు చెప్పని నాజీరు వ్రతం 30 దినాలదేనని మిష్నా తీర్పు చెప్పేనాటికి ఆ మార్పు సంపూర్ణమయింది.

స్త్రీల మొక్కులు

సంఖ్యాకాండం 30వ అధ్యాయం ప్రకారం పురుషుని మొక్కు తిరుగులేనిది. తండ్రి ఇంట ఉన్న కన్య మొక్కును తండ్రి, భార్య మొక్కును భర్త తాము విన్న దినాననే రద్దు చేయవచ్చు. విధవరాలు, విడిచిపెట్టబడిన స్త్రీ చేసిన మొక్కులు పురుషుని మొక్కుల్లాగే నిలుస్తాయి. కుటుంబపు ఆస్తిపై అధికారమంతా ఇంటి పెద్దదైన సమాజంలో ఈ నియమం స్త్రీ మాటను అతని దయకు వదిలింది. అదే సమయంలో ఆ అధికారానికి ఒక్క దినం గడువు పెట్టింది: విని మౌనంగా ఊరుకున్న భర్త ఆ మొక్కును స్థిరపరచినట్టే, ఆ తరువాత అడ్డుపడితే దోషం భార్యది కాదు, అతనిదే అవుతుంది.

చట్టం విధించిన ఈ పరిధిలోనే స్త్రీలు మొక్కుబడుల చరిత్రలో ప్రముఖ స్థానం సంపాదించారు. బిడ్డ పాలు మానేవరకు షిలోహుకు రానన్న హన్నాతో ఆమె భర్త ఎల్కానా, నీకు మంచిదనిపించినట్టు చేయమని పలికిన అంగీకారం వెనుక ఈ నియమపు నీడ కనిపిస్తుంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో టైగ్రిస్ నది ప్రాంతపు అదియబేనె రాజ్యం నుండి యూదు మతంలో చేరిన హెలెనా రాణి, యుద్ధానికి వెళ్లిన కొడుకు క్షేమంగా తిరిగి వస్తే ఏడేళ్లు నాజీరుగా ఉంటానని మొక్కుకుంది. మిష్నా కథనం ప్రకారం ఏడేళ్లు ముగించి ఇశ్రాయేలు దేశానికి వచ్చాక, పరదేశంలో పాటించిన వ్రతం చాలదని హిల్లేలు పాఠశాల పండితులు చెప్పగా ఆమె మరో ఏడేళ్లు పాటించింది. చివరిలో మైల సోకి మూడోసారి ఏడేళ్లు, మొత్తం 21 ఏళ్లు వ్రతంలోనే గడిపిందని ఒక సంప్రదాయం, 14 ఏళ్లేనని రబ్బీ యూదా అభిప్రాయం. కరువు కాలంలో అలెగ్జాండ్రియా నుండి ధాన్యాన్ని, సైప్రస్ నుండి ఎండు అత్తిపండ్లను కొని తెప్పించి యెరూషలేము పేదలకు పంచిన రాణిగా చరిత్రకారుడు జోసిఫస్ కొనియాడింది ఈ హెలెనానే. క్రీ.శ. 66లో రోమా అధికారి ఫ్లోరస్ సైనికులు యెరూషలేములో ప్రజలను చంపుతున్నప్పుడు, 30 దినాల మొక్కులో ఉన్న రాకుమార్తె బెర్నీకే చెప్పులు లేని కాళ్లతో అతని న్యాయపీఠం ఎదుట నిలిచి జాలి చూపమని వేడుకుందని కూడా జోసిఫస్ రాశాడు.

యెఫ్తా కుమార్తె

చట్టం చేయి అందని చోట మొక్కు ఎంత క్రూరమవుతుందో న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయం చూపిస్తుంది. అమ్మోనీయులపై జయం దొరికితే తిరిగివచ్చేటప్పుడు తన ఇంటి ద్వారం నుండి ఎదురువచ్చేదాన్ని దహనబలిగా అర్పిస్తానని యెఫ్తా మొక్కుకున్నాడు. తంబురలతో నాట్యం చేస్తూ ఎదురొచ్చినది అతని ఒక్కగానొక్క కూతురు. ఆమె రెండు నెలల గడువు అడిగి, చెలికత్తెలతో కొండలలో తిరిగి తన కన్యాత్వాన్ని గూర్చి విలపించి తిరిగి వచ్చిందని, తండ్రి తన మొక్కు ప్రకారం చేశాడని, ఇశ్రాయేలు యువతులు ఏటా నాలుగు దినాలు ఆమెను స్మరించేవారని గ్రంథం చెబుతుంది. ఆమె పేరును మాత్రం అది నమోదు చేయలేదు.

తరువాతి రబ్బీలు ఈ కథను యెఫ్తా భక్తికి నిదర్శనంగా స్వీకరించలేదు. బలికి తగనిదాన్ని మొక్కుకుంటే దాని వెల చెల్లిస్తే సరిపోతుందని ఒక రబ్బీ, అసలు చెల్లని మొక్కుకు వెల కూడా అక్కర్లేదని మరొక రబ్బీ వాదించారు. ఆనాటి ప్రధాన యాజకుడైన ఫీనెహాసు ఆ మొక్కును రద్దు చేయగలిగేవాడేనని, సేనాపతినైన తాను అతని దగ్గరికి వెళ్లడమేమిటని యెఫ్తా, ప్రధాన యాజకుడినైన తాను అతని గడప తొక్కడమేమిటని ఫీనెహాసు అహంకరించగా వారిద్దరి నడుమ ఆ పిల్ల బలైపోయిందని, ఇద్దరూ శిక్ష అనుభవించారని వారి వ్యాఖ్యానం. లేవీయకాండపు వెల పట్టిక తెలిసినవాడెవడైనా ఆమెను కొద్దిపాటి వెండితో విడిపించగలిగేవాడన్న ఆవేదన ఆ వ్యాఖ్యానంలో వినిపిస్తుంది.

రెండవ ఆలయం నీడలో

గ్రీకు, రోమా పాలనల కాలంలో నాజీరు వ్రతం విస్తృతంగా వ్యాపించింది. క్రీ.పూ. 167లో సెల్యూకసు వంశపు రాజు నాలుగవ అంతియొకసు యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసిన తరువాత, యూదా మక్కబీ అనుచరులు మిస్పాలో సమకూడి, వ్రతకాలం ముగిసిన నాజీరులను ముందు నిలబెట్టి, వీరిని ఎక్కడికి తీసుకుపోవాలని దేవునికి మొరపెట్టుకున్నట్టు మక్కబీయుల మొదటి గ్రంథం చెబుతుంది. వ్రతం ముగించడానికి ఆలయం తప్పనిసరి కాబట్టి ఆలయం పోతే నాజీరుకు విముక్తి లేదు. ఆలయంలో స్త్రీల ఆవరణ ఆగ్నేయ మూలన నాజీరుల గది ఉండేదని, వారు అక్కడే సమాధానబలి మాంసం వండుకుని, జుట్టు గొరిగి కుండ కింది మంటలో వేసేవారని మిష్నా వర్ణించింది.

మూడు పశువుల ఖర్చు పేద నాజీరుకు పెద్ద భారం, అందువల్ల ధనికులు వారి ఖర్చు భరించడం గొప్ప పుణ్యకార్యమయింది. మొదటి అగ్రిప్ప రాజు యెరూషలేముకు వచ్చినప్పుడు అనేకమంది నాజీరుల క్షౌరానికి ఏర్పాటు చేశాడు. అపొస్తలుల కార్యములలో పౌలు ధర్మశాస్త్రాన్ని గౌరవిస్తాడని ప్రజలకు తెలియడానికి, నలుగురు వ్రతధారుల ఖర్చు పెట్టుకోమని యెరూషలేము సంఘపెద్దలు అతనికి సలహా ఇచ్చారు. క్రీ.పూ. 103 నుండి 76 వరకు పాలించిన యన్నయి రాజు కాలంలో 300 మంది నాజీరులు వచ్చారని, వారిలో 150 మంది మొక్కులకు విడుదల మార్గం దొరకగా మిగిలినవారి ఖర్చును రాజుచేత పెట్టించాడని పండితుడు షిమ్యోన్ బెన్ షెతహ్ గురించి మిష్నాపై వ్యాఖ్యాన సంకలనమైన తల్మూదు చెబుతుంది. నాజీరు అన్న బిరుదు కుటుంబానికి గర్వకారణమైందని, యెరూషలేము సమీపంలోని స్కోపస్ కొండపై దొరికి 1971లో నహ్మాన్ అవిగాద్ ప్రచురించిన సమాధి చూపిస్తుంది. అందులోని ఒక అస్థికల పెట్టెపై మృతుడిని నాజీరైన యోనాతాను కుమారుడు హనన్యా అని చెక్కారు.

ఈ ఉత్సాహాన్ని పండితులందరూ మెచ్చుకోలేదు. ప్రధాన యాజకుడు నీతిమంతుడైన షిమ్యోను, మైలపడిన నాజీరులు తెచ్చిన బలిమాంసాన్ని తినేవాడు కాదట, ఎందుకంటే ఆవేశంలో మొక్కి, మైలపడి వ్రతకాలం పెరిగినప్పుడు పశ్చాత్తాపపడేవారి బలి మనస్ఫూర్తి అయినది కాదని అతని భావన. ఒక్కసారి మాత్రం దక్షిణ ప్రాంతం నుండి ఉంగరాల జుట్టుతో అందమైన ఒక యువకుడు వచ్చాడు. ఇంత చక్కని జుట్టును ఎందుకు పాడుచేసుకోదలిచావని షిమ్యోను అడగగా, తాను తండ్రి మందలు కాస్తూ నీళ్ల కోసం ఊటకు వెళ్లి, అందులో తన ప్రతిబింబం చూసి గర్వంతో మనసు చెదరబోతుండగా, ఆ జుట్టును దేవుని కోసం గొరిగిస్తానని మొక్కుకున్నానని చెప్పాడు. షిమ్యోను అతని తలను ముద్దుపెట్టుకుని, ఇలాంటి నాజీరులు ఇశ్రాయేలులో పెరగాలని దీవించాడని తల్మూదు కథనం.

విడుదల మార్గం

పండితుడు మొక్కిన మనిషిని ప్రశ్నించి, ఈ పరిణామం ముందే తెలిసి ఉంటే మొక్కేవాడివా అని విచారించి, కాదని తేలితే మొక్కును రద్దు చేసే విధానం రబ్బీల కాలంలో స్థిరపడింది. ధర్మశాస్త్రంలో దీనికి పట్టుకోదగిన ఆధారం లేదని మిష్నా స్వయంగా ఒప్పుకుంటూనే దీన్ని అనుసరించింది. కొర్బాను, అంటే దేవార్పణమని తన ఆస్తిని ప్రకటించి, ఆ మాట సాకుతో తల్లిదండ్రులను పోషించకుండా తప్పించుకునే ఆచారాన్ని యేసు తీవ్రంగా ఖండించినట్టు మార్కు సువార్త తెలుపుతుంది. మిష్నా కూడా ఇదే సమస్యతో పెనుగులాడి, కొడుకుకీ తల్లిదండ్రులకీ మధ్య అడ్డునిలిచిన మొక్కును వారి గౌరవాన్నే కారణంగా చూపి రద్దు చేయవచ్చునని నిర్ణయించింది.

క్రీ.శ. 70లో రోమనులు ఆలయాన్ని ధ్వంసం చేసినప్పుడు ఈ ప్రశ్న అత్యంత బాధాకరంగా ఎదురయింది. వ్రతం ముగించుకోవడానికి పరదేశాల నుండి వచ్చిన నాజీరులకు ఆలయమే కనిపించలేదు. మాదీయుడైన నహూము, ఆలయం నాశనమవుతుందని తెలిసి ఉంటే మొక్కేవారా అని అడిగి, వారు లేదనగానే విడుదల చేశాడు; ధ్వంసానికి ముందు మొక్కినవారు మాత్రం నాజీరులుగానే ఉండాలని ఇతర పండితులు తీర్పు చెప్పారు. ఆలయం లేకుండా బలి లేదు, బలి లేకుండా ముగింపు లేదు కాబట్టి, ఆ తరువాత యూదుల జీవితంలో నాజీరు వ్రతం దాదాపు అంతరించింది.

మనుషుల వెల చెల్లించలేక బాకీ పడినవారి సొత్తును జప్తు చేయడానికి ఆలయానికి అధికారం ఉండేది. అయినా అరాఖీన్ ప్రకరణం ఆ అధికారానికి హద్దులు గీసింది. బాకీదారుకు 30 దినాల ఆహారం, 12 నెలల బట్టలు, పరుపు, చెప్పులు వదలాలి. అతను చేతిపనివాడైతే ప్రతి రకం పనిముట్టులో రెండేసి, వడ్రంగి అయితే రెండు బాడిసెలు, రెండు రంపాలు అతనికే ఉంచాలి. రైతు జత ఎద్దులను, గాడిదలు తోలేవాడి గాడిదను కూడా వదలాలని రబ్బీ ఎలీయెజరు అభిప్రాయం. ఆ వెండి దేవునికి చెందవలసినదే, మొక్కినవాడు తన నోటితో ఒప్పుకున్నదే. అయినా రేపు అతను పని చేసుకుని బతకడానికి కావలసిన సాధనాలను దేవుని పేరుతో కూడా లాక్కోకూడదని ఆ ధర్మనిర్ణేతలు భావించారు. మాట తప్పనివ్వని చట్టమే, మాట ఇచ్చినవాడి చేతిలో రంపాన్ని ఉండనిచ్చింది. హేరెమ్ నుండి వెల పట్టికకు, జీవితాంతపు నాజీరు నుండి 30 దినాల వ్రతానికి, యెఫ్తా మొండితనం నుండి నహూము ప్రశ్నకు సాగిన ఈ సుదీర్ఘ ప్రయాణంలో, దేవునిపై గౌరవమూ మనిషిపై కరుణా పరస్పరం పోటీపడేవి కావని ఈ సంప్రదాయం క్రమక్రమంగా గ్రహించింది. ఆ గ్రహింపే ప్రాచీన ఇశ్రాయేలు మొక్కుబడుల చట్టం మానవ ధర్మచింతనకు చేసిన చేర్పు.

ప్రతిష్ఠించిన పొలానికి వెల కట్టడంలో యాజకులు ఆధారపడిన సునాద సంవత్సరం, భూమి ఎవరిదన్న ప్రశ్నకు ఆ వ్యవస్థ ఇచ్చిన సమాధానం, అది ఆచరణలో ఎంతవరకు నిలిచిందన్న వివాదం వచ్చే భాగంలో చర్చకు వస్తాయి.